మందు, మోతాదు

తెలుగులో రోగికి ఇచ్చునదియు మందే, తుపాకిలో కూరునదియు మందే. ఇన్ని మాటలున్న భాషలో ఈ రెండింటికి ఒకే పేరు ఎట్లు కుదిరినదో పండితులు చెప్పవలెను. పర్లాకిమిడిలో మా యింటివరకు మాత్రము ఆ పేరు సార్థకమైనది. మా తండ్రిగారు ఒక చిన్న ధర్మాసుపత్రిలో కాంపౌండరు. పెదనాన్నగారికి షికారు మోజు. ఇరువురి మందులను తూచినది ఒకే యిత్తడి త్రాసు.

మమ్ములను ప్రవాసాంధ్రులని సభలలో పిలుచుచుందురు గాని, మేము ఎక్కడికిని ప్రయాణము చేసి వచ్చినవారము కాము. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరినది. మా యిల్లు, మా వీధి, మా నూయి ఉన్నచోటనే యున్నవి. నౌపడా నుండి 1900 నాటినుండి నడచుచున్న చిన్న రైలుబండి అట్లే నడచినది. మేము బడిలో ఒరియా చదివితిమి. ఇంట తెలుగు మాటాడితిమి. తుపాకి మాటలన్నియు తెలుగులోనే యుండెడివి. గొట్టములో మందును దట్టించు కడ్డీ గజము. నిప్పు అందించు పొడి రంజకము. పేలునప్పుడు సుత్తి క్రింద నలుగు చిన్న రాగిముక్క టోపీ. ఈ మాటలు మా తాతగారి కాలపు నాటుతుపాకితో వచ్చినవి. ఆ తుపాకి పోయినను మాటలు నిలిచినవి.

తాతగారి మందు నల్లమందు. సురేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరిన పొడి. దానిని తూచువారు లేరు, కొలుచువారే. మా ఊరి కొమ్ముపని ప్రసిద్ధమైనది గదా. గేదెకొమ్ముతో చేసిన చిన్న గరిటె యొకటి తాతగారికి ఉండెడిది. గరిటెడు మందు, దానిపై పీచు, దానిపై రవ్వలు. గరిటె ఒకింత ఎక్కువ నిండినచో పొగ ఎక్కువ, భుజమునకు దెబ్బ ఎక్కువ. దానిచేత ప్రమాదములు లేకపోలేదు. కొండలనుండి సవరలు చేతులు కాలి, ముఖములు కాలి నాన్నగారి ఆసుపత్రికి వచ్చుట మేము చూచితిమి. అయినను నల్లమందు తప్పును కొంతవరకు ఓర్చునని పెద్దలు చెప్పుచుండిరి. ఆ చనువే తరువాత మా కొంప ముంచినది.

పెదనాన్నగారు 1950 తరువాత లైసెన్సు పొంది ఒక చెకోస్లొవాకియా రైఫిలు కొనిరి. బ్రునో వారి తయారీ, పాయింటు ఇరువదిరెండు హార్నెట్. హార్నెట్ అనగా కందిరీగ. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలకు చెందినవారు 1920 దశకములో ఒక పాత చిన్న తూటాపై పరిశోధనలు చేసి దీనిని రూపొందించిరి. 1930 నాటికి అంగళ్ళకు వచ్చినది. పాయింటు ఇరువదిరెండు అనగానే పిల్లలు గురి నేర్చుకొను రైఫిలు చాలామందికి తలపునకు వచ్చును. ఆ తూటాలో రంజకము అంచులోపలనే యుండును; ఒకసారి పేలిన పిదప అది మరల పనికిరాదు. హార్నెట్ అట్టిది కాదు. దాని అడుగున నడిమధ్య టోపీ వేరుగా నుండును. పేలిన టోపీని తీసి, క్రొత్తది పెట్టి, మందు పోసి, గుండు బిగించినచో అదే యిత్తడి డొల్ల మరల తూటా యగును. ఈ సౌకర్యమే మమ్ము ఆ పనిలోనికి దింపినది.

1957లో దేశమునకు విదేశీ మారకము కరువై దిగుమతులపై ఆంక్షలు వచ్చెను. విదేశీ తూటాల ధర పెరిగెను. తరువాత దొరకుటయే కష్టమాయెను. పెదనాన్నగారివద్ద ఖాళీ డొల్లలు ఒక తకరపు డబ్బానిండ ఉండెను. ఒకనాటి సాయంకాలము ఆ డబ్బాను తెచ్చి నాన్నగారి ముందు పెట్టిరి.

"తమ్ముడూ, నీదగ్గర త్రాసుంది. గ్రెయిన్లు తూచడం నీకు వచ్చు. టోపీలూ, గుండ్లూ, మందూ మద్రాసు కొట్టువాడు లైసెన్సు మీద ఇస్తానన్నాడు. ఇవి నింపి పెడుదూ."

నాన్నగారు వెంటనే ఒప్పుకొనలేదు. పది దినములు ఆలోచించిరి. అచ్చయిన పట్టికల పుస్తకము తెప్పించుకొని రాత్రులు చదివిరి. పిదప అనిరి: "చేస్తాను అన్నయ్యా. అయితే బల్ల నాది, పద్ధతి నాది. మధ్యలో మీరు కూడా మాట్లాడకూడదు." పెదనాన్నగారు నవ్వి సరే యనిరి. ఆ యింట తమ్ముడు అన్నకు విధించిన నియమము మేమెరిగినంతలో అది యొక్కటే.

గ్రెయినను మాట నాన్నగారికి చేతివ్రేళ్ళ మాట. తులమునకు 180 గ్రెయిన్లు. తులమునకు 96 గురువింద యెత్తులు. కావున గురువింద యెత్తు గ్రెయినున్నరకు పైన, రెంటికి లోపల. క్రొత్తగా వచ్చిన మెట్రిక్కు లెక్కలో గ్రెయిను 65 మిల్లీగ్రాములకు రవంత తక్కువ. మందులవాని గ్రెయిను, కంసాలి గ్రెయిను, తుపాకివాని గ్రెయిను ఒక్కటియే. హార్నెట్ గుండు సాధారణముగా 45 గ్రెయిన్లు, అనగా సరిగా పావు తులము. దాని డొల్లలో అంచువరకు నీరు పోసినను పట్టునది సుమారు 14 గ్రెయిన్లే. ఏడెనిమిది గురువింద గింజల యెత్తు పట్టు పాత్రలో ఒక్క గింజ యెత్తు తేడా ఎంతటిదో పాఠకులు ఊహించగలరు. పెద్ద రైఫిలు తూటాలో లెక్కకు రాని పొరపాటు ఇందులో ప్రాణాంతకము కావచ్చును.

గ్రెయిను ఒక్కటే గాని, డ్రాము ఒక్కటి కాదు. ఈ సంగతి నాన్నగారు మాకు ఒకటికి పదిమారులు చెప్పిరి. మందులవాని డ్రాము 60 గ్రెయిన్లు. తుపాకిమందు డ్రాము ఔన్సులో పదియారవ వంతు, అనగా 27 గ్రెయిన్లకు కొంచెము పైన. పెదనాన్నగారి పన్నెండు బోరు తూటాల పెట్టెపై మూడు డ్రాములని అచ్చు వేసియుండెడిది. అది లోపలి మందు బరువు కానేకాదు. మూడు డ్రాముల నల్లమందు ఎంత జోరుగా కొట్టునో ఇదియు అంత కొట్టునని దాని భావము. లోపలనున్న పొగలేని మందు అందులో కొద్దిపాటి బరువే. పెట్టెపైని అంకెను నమ్మి ఎవడైనను అంత బరువు పొగలేని మందును తూచి పోసినచో తుపాకి చేతిలోనే పగులును. "అంకె చదివితే చాలదు నాయనా, దేని అంకెో చదవాలి" అనుచుండిరి.

పొగలేని మందు వేరే జాతి. 1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వియెయ్ అనునతడు కనుగొన్నది. ప్రత్తివంటి పదార్థమును ఆమ్లములతో మార్చి, కరగించి, ఆరబెట్టి, ముక్కలుగా చేయుదురు. మన నీలగిరులలో అరువంకాడు కర్మాగారము పొగలేని మందు చేయుటకే వెలసినది. ఈ మందులలో కొన్ని త్వరగా కాలునవి, కొన్ని నిదానముగా కాలునవి. వెడల్పైన గొట్టము గల పన్నెండు బోరుకు త్వరితపు మందు కావలెను. సన్నని రైఫిలుకు నిదానపు మందు కావలెను. రెండును చూచుటకు నల్లగా, బూడిదగా ఒకేరీతి నుండును. దగ్గరగా చూచినచో మా యింటనున్న మందులలో ఒకటి సన్నని కడ్డీముక్కలు, రెండవది పలుచని రేకులు.

నాన్నగారి బల్ల తూర్పు కిటికీ క్రింద నుండెడిది. పని పగటివేళనే, దీపమును బల్ల దాపునకు రానిచ్చెడివారు కారు. చుట్టలవారికి ఆ గదిలోనికి ప్రవేశము లేదు. మొదట డొల్లలను తుడిచి ఒక్కొక్కదానిని వెలుతురున త్రిప్పి చూచెడివారు. హార్నెట్ డొల్ల గోడ మిక్కిలి పలుచన. మెడ త్వరగా చీలును. చీలిక వెండ్రుకవాసి యున్నను దానిని సుత్తితో నలిపి పారవేయుటయే. అడుగు దాపున లోపలివైపు గోడ అరిగినదేమో తెలియుటకు కొన వంచిన తీగను లోపల పెట్టి గీచి చూతురు. తీగ ఎక్కడనైన గాడిలో తట్టుకొన్నచో అదియు పోయినట్లే. పొడవు పెరిగిన మెడను కొలిచి తగ్గింతురు. టోపీ అడుగునకు పైకి పొడుచుకొని యుండరాదు. బొటనవ్రేలి గోటితో తడవి చూతురు. గుండును కూడ కొలిచెడివారు. ఎందుకనగా తొలినాటి హార్నెట్ రైఫిళ్ళ గొట్టము అంగుళములో వెయ్యింట 223 వంతులు, తరువాతివి 224. వెయ్యింట ఒక వంతుకు ఇంత రాద్ధాంతమేమని పెదనాన్నగారు విసుగుకొనెడివారు. నాన్నగారు పలుకక కొలుచుచునే యుండెడివారు.

మాత్రలు ఆరబెట్టు పలకవంటి కొయ్యదిమ్మ యొకటి వడ్లవానిచేత చేయించి ఏబది గుంటలు పెట్టించిరి. మందు లేని డొల్ల తలక్రిందుగా నుండును. మందు పోసినది నిటారుగా నుండును. ఏబదియు పోసిన పిదప దిమ్మను కిటికీవద్దకు ఎత్తి, వంగి, ప్రతి నోటిలోనికి చూతురు. అన్నిటిలో మందు ఒకే ఎత్తున నిలువవలెను. ఒకటి హెచ్చుగానో తగ్గుగానో కనబడినచో ఏబదియు క్రుమ్మరించి మరల మొదలు. పట్టికలోని పెద్ద అంకెను ఆయన ఎన్నడును ముట్టలేదు. అన్నిటికంటె చిన్న అంకెనుండి ఆరంభించిరి. కాల్చిన డొల్లలను తెప్పించి టోపీలు చదునైనవేమో, బోల్టు బిగుసుకొన్నదేమో అడిగి తెలిసికొనెడివారు. ఈ మెల్లదనమునకు మేము పిల్లలము విసిగెడివారము. ఇప్పుడు తలచినచో ఆ గదిలోని నిశ్శబ్దము కంటె హాయియైనది మా బాల్యములో మరియొకటి లేదు.

ఇంకొక నియమము. బల్లపై ఏకకాలమున ఒకే మందు ఉండవలెను, అది తన సొంత డబ్బాలోనే యుండవలెను. ఇది ఆసుపత్రి నియమమే. ఆ కాలపు విషౌషధముల సీసాలు నీలముగా, పలకలుగా, ఒంటిపై గీతలతో నుండెడివి. చీకటిలో చేయి తగిలినను ఇది విషమని వ్రేళ్ళకు తెలియుటకు అట్లు చేసెడివారు. చీటీ ఊడిన సీసాను వాసన చూచి గుర్తుపట్టగలిగియు నాన్నగారు పారబోసెడివారు. ఒక మందును వేరొక మందు సీసాలో పోయుట ఆయన దృష్టిలో దొంగతనము కంటె పెద్ద నేరము.

1961 వానకాలమున పన్నెండు బోరు మందు డబ్బా త్రుప్పు పట్టి అడుగున చిల్లి పడినది. పెదనాన్నగారి జ్యేష్ఠపుత్రుడు, మా పెద్దన్నయ్య, అప్పటికి కాలేజీ చదువు ముగించి ఇంటనుండెను. రైఫిలు మందు డబ్బాలలో ఒకటి ఖాళీగా నుండగా, ఆ రేకుల మందును అందులోనికి మార్చి మూత పెట్టెను. పైని చీటీ మార్చలేదు. రేపు మార్చెదననుకొనెను కాబోలు. మేము తలుపు సందునుండి అది చూచితిమి. మాకప్పుడు పండ్రెండేండ్లు. తప్పు జరుగుచున్నదని తెలియని వయస్సు కాదు. ఆ నియమము మాకు కంఠస్థము. నాన్నగారితో చెప్పవలెననియు తోచినది. కాని పెద్దన్నయ్య మాకు ఈత నేర్పినవాడు, గాలిపటము కట్టి యిచ్చినవాడు. అతనిపై చాడీ చెప్పుట ఎట్లు? అట్లు ఊరకుంటిమి. నాలుగు దినములలో ఆ సంగతియే మరచితిమి.

దసరా సెలవులలో నాన్నగారు విషజ్వరముల కేంపునకు ఏజన్సీ గ్రామములకు వెళ్ళిరి. ఇంటినిండ చుట్టములు. మరునాడు తోటలోనికి పోయి గురి చూపెదనని పెద్దన్నయ్య బావలతో పందెము వేసెను. తూటాలు లేవు. సాయంకాలము బల్ల ముందు కూర్చుండెను. చుట్టూ నలుగురు చేరి పరిహాసములు. వెలుతురు తగ్గుచుండెను.

"ఒరే తమ్ముడూ, పై అరలో డబ్బా ఉంది, అందియ్యి."

పై అరలో రెండు డబ్బాలుండెను. రెండింటిపై ఒకే చీటీ. మా చేతికి దగ్గరగా నున్నదానిని అందించితిమి.

తూకము సరిగానే యున్నది. అతడును నాన్నగారి వద్ద చూచి నేర్చినవాడే. ముల్లు నడిమికి వచ్చువరకు ఓపిక పట్టెను. కాని రేకుల మందు తేలిక, గుల్లగా నుండును. అదే బరువునకు అది మెడవరకు వచ్చినది. గుండును నొక్కి కూర్చవలసి వచ్చినది. "ఇవాళ నిండుగా ఉందేం?" అని అతడు తనలో అనుకొనుట మేము వింటిమి. ఎవరో ఏదో అనిరి, అందరు నవ్విరి, అతడును నవ్వెను. ఆరు తూటాలు సిద్ధమైనవి.

మరునాటి ఉదయము తోటవెనుక మట్టిగట్టున కాగితము అంటించిరి. మొదటి దెబ్బకు వచ్చిన మ్రోత మేమెరిగిన మ్రోత కాదు. కందిరీగ కాటు చప్పుడు చిన్నది, ఇది పిడుగు. డొల్ల అడుగు చీలి, వేడిగాలియు ఇత్తడి రజనును బోల్టు ప్రక్కనుండి వెనుకకు ఎగసినవి. పెద్దన్నయ్య రైఫిలు విడిచి కూర్చుండెను. కుడిచేయి కంటిపై ఉండెను. అతడు అరవలేదు. అది మాకు ఎక్కువ భయము కలిగించినది.

విశాఖపట్టణము తీసికొనిపోయిరి. ప్రాణము దక్కినది, ఎడమకన్ను దక్కినది.

నాన్నగారు రెండవనాడు వచ్చిరి. ఎవరితోను మాటాడక బల్లవద్దకు పోయి, మిగిలిన అయిదు తూటాలను తామే విప్పి, ఒక్కొక్కదాని మందును మాత్రలు చుట్టు తెల్లని పింగాణి పలకపై పోసి భూతద్దముతో చూచిరి. పలకపై రేకులు. చాలసేపు అట్లే నిలిచిరి. పెదనాన్నగారు వాకిట కూలబడియుండగా వెళ్ళి, "తప్పు నాది అన్నయ్యా. తాళం వేసి వెళ్ళవలసింది" అనిరి. పెదనాన్నగారు తమ్ముని చేయి పట్టుకొని ఏడ్చిరి. మేము స్తంభము చాటున నుంటిమి. అప్పుడును చెప్పలేదు.

ఆ సాయంకాలమే రెండు డబ్బాల మందును పెరటి మట్టిలో పలుచగా చల్లి నీరు పోయించిరి. రైఫిలు బోల్టు సుత్తిదెబ్బలకుగాని తెరచుకొనలేదట. దానిని ఠాణాలో అప్పగించిరి. మరు సంవత్సరము, 1962 అక్టోబరు 1న, 1959 నాటి ఆయుధముల చట్టము అమలునకు వచ్చినది. తూటాలు తయారుచేయుటకు ఆ చట్టము ప్రకారము లైసెన్సు కావలెను; లేనిచో అది నేరము. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి షికారు కథలు తాతల కథలైనవి. మంచిదే. అయినను పాత యిండ్లలో, అటకపై పెట్టెలలో, తాతగారి తూటాలు నాలుగైదు నేటికిని బయటపడుచుండును. ఈ సంచిక చదువువారిలో అట్టి పెట్టె గలవారుండవచ్చును. వాటిని విప్పి చూడవలదు, ఎండలో ఆరబెట్టవలదు, పిల్లల చేతికి ఈయవలదు, ఠాణాకు కబురంపవలెను.

పెద్దన్నయ్య ఒంటికంటితో బి.ఇడి. చదివి, బరంపురములో ఉపాధ్యాయుడై, ఎందరికో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసెను. 1988లో మా కుమార్తె వివాహమునకు వచ్చినప్పుడు, పందిరి ఖాళీ అయిన పిదప, మేమిరువురమే కూర్చుండగా ధైర్యము చేసితిమి. ఆ డబ్బా మార్చుట చూచితిమనియు, తెలిసియు నోరు మెదపలేదనియు, అందించినదియు మేమే గదా యనియు చెప్పితిమి. ఇరువదియేడేండ్లుగా మోసిన మాట చెప్పుటకు అరనిమిషము పట్టలేదు.

అతడు చాలసేపు పలుకలేదు. పిదప కండువాతో ముఖము తుడుచుకొని, "నువ్వు చూశావని నాకు తెలుసురా. తలుపు సందులోంచి నీ నీడ బల్లమీద పడింది. నువ్వు చెప్తే బాగుణ్ణని నాలుగు రోజులు చూశాను. చీటీ మార్చడానికి బద్ధకం, బాబాయితో చెప్పడానికి భయం. నువ్వు చెప్పలేదు, నేనూ చెప్పలేదు" అనెను.

తరువాత నాన్నగారి త్రాసు ఎవరివద్ద నున్నదని అడిగెను. మావద్దనే యున్నదంటిమి. తెమ్మనెను. లోపలనుండి తెచ్చి దీపము క్రింద పెట్టగా, ఖాళీ తట్టలు ఊగుట ఆగి ముల్లు నడిమికి వచ్చువరకు, తలవంచి, ఎడమకన్ను దగ్గరగా పెట్టి చూచుచు కూర్చుండెను.